దొరకని సిగ్నల్‌ని కట్టుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో దొరకని వస్తువు ఉండదని మా బస్తీలో అందరికీ గట్టి నమ్మకం. శాలిబండ గడియారం టవర్ దగ్గర బయలుదేరి చార్మినార్ వైపు నడిస్తే చాలు, లాడ్ బజార్‌లో గాజులు, గుల్జార్ హౌజ్‌లో నగలు, ఛత్తా బజార్‌లో శుభలేఖలు, ఇంకొంచెం ముందుకెళ్తే కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ అన్నీ ఒక్క పూటలో కొనేయొచ్చు. కానీ నాకు కావలసిన వస్తువు ఒకటి ఆ దారిలో ఎక్కడా దొరకలేదు. అది 14 మిల్లీమీటర్ల పొడవున్న ఒక ఎర్ర చెయ్యి. పాత రైల్వే సిగ్నల్ స్తంభం మీద ఉండే చెయ్యి, 87లో ఒక వంతు సైజులో.

మోడల్ రైల్వే అనే హాబీ మనలో కొందరికి తెలుసు, చాలామందికి తెలియదు. పిల్లలు ఆడుకునే బ్యాటరీ రైలు వేరు, ఇది వేరు. నిజమైన స్టేషన్‌ని ఒక స్కేల్ ప్రకారం కుదించి, పట్టాలు, ప్లాట్‌ఫాం, చెట్లు, సిగ్నళ్ళతో సహా బల్ల మీద కట్టుకోవడం. మన దేశంలో దీనికి పెద్ద గుడి లాంటిది పుణెలోని జోషి మ్యూజియం ఆఫ్ మినియేచర్ రైల్వే. అది 1998లో జనం కోసం తెరిచారు. అలాంటిది మన ఇంటి మేడ మీద గదిలో చిన్నగా కట్టాలనుకుంటే ఇంజన్, పెట్టెలు, పట్టాలు ఎలాగోలా సంపాదించవచ్చు. చిక్కంతా సిగ్నళ్ళ దగ్గరే వస్తుంది. మన రైల్వేకి సరిపోయే సిగ్నల్ రెడీమేడ్‌గా దొరకడం చాలా కష్టం.

తమాషా ఏమిటంటే, మన ఊరు సిగ్నళ్ళ ఊరే. దేశం మొత్తానికి రైల్వే సిగ్నల్ ఇంజనీర్లని తయారుచేసే ఐరిసెట్ సంస్థ 1957 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. రైళ్ళు ఢీకొనకుండా ఆపే 'కవచ్' వ్యవస్థని మొదట పరీక్షించింది మన దక్షిణ మధ్య రైల్వేలో. దాన్ని తయారుచేసే కంపెనీల్లో మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్‌వే. ఇంత ఉన్న ఊళ్ళో బల్ల మీద పెట్టుకోవడానికి ఒక్క సిగ్నల్ లేదంటే, మిగిలిన దారి మనమే కట్టుకోవడం. ఎలా కట్టాలో, కట్టేటప్పుడు ఏ ఒక్క విషయంలో రాజీ పడకూడదో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు అసలు సిగ్నల్ ఏం చేసేది?

శాలిబండ నుంచి అలియాబాద్, శంషీర్‌గంజ్ మీదుగా రెండు మూడు కిలోమీటర్లు వెళ్తే ఫలక్‌నుమా స్టేషన్ వస్తుంది. ఇప్పుడు అక్కడ ఎంఎంటీఎస్ బళ్ళు తిరుగుతున్నాయి గానీ, ఆ లైన్ 1990లలో బ్రాడ్‌గేజ్‌గా మారేదాకా మీటర్‌గేజ్. ఇప్పుడు మనం చూసేవన్నీ రంగు దీపాల సిగ్నళ్ళు. మీటర్‌గేజ్ కాలపు స్టేషన్ కట్టాలంటే మాత్రం చెయ్యి సిగ్నల్, అంటే సెమాఫోర్ ఉండాల్సిందే.

సెమాఫోర్ అంటే ఒక ఎత్తైన స్తంభం, దాని పైన ఒక పక్కకి చాచిన చెయ్యి. డ్రైవర్ వైపు ఎర్ర రంగు, చివర దగ్గర తెల్ల పట్టీ. వెనక వైపు తెల్ల రంగు మీద నల్ల పట్టీ. చెయ్యి అడ్డంగా ఉంటే ఆగాలి. లోయర్ క్వాడ్రంట్ రకంలో చెయ్యి 45 నుంచి 60 డిగ్రీల దాకా కిందికి వాలితే పోవచ్చు. మనం ఇప్పటికీ "సిగ్నల్ పడింది" అంటాం, హిందీలో "సిగ్నల్ డౌన్ హో గయా" అంటారు. రంగు దీపంలో పడడానికి ఏమీ లేదు కదా! చెయ్యి నిజంగా కిందికి పడిన రోజుల్లోంచే ఆ మాట వచ్చి ఉంటుందని నా ఊహ.

అప్పర్ క్వాడ్రంట్ అని ఇంకో రకం ఉంది. అందులో చెయ్యి పైకి లేస్తే పోవచ్చు. స్టేషన్‌కి ముందు వచ్చే హెచ్చరిక సిగ్నల్, అంటే వార్నర్, లోయర్ క్వాడ్రంట్‌లో చేప తోక లాగా చీలి ఉంటుంది. దాని రంగు కూడా ఎరుపే, మీద తెల్ల 'వీ' గీత. అప్పర్ క్వాడ్రంట్‌లో ఆ స్థానంలో ఉండే డిస్టెంట్ మాత్రం పసుపు రంగు, మీద నల్ల 'వీ' గీత.

రాత్రి పూట చెయ్యి కనబడదు కాబట్టి పక్కనే కిరోసిన్ దీపం, దాని ముందు రెండు రంగుటద్దాలున్న చట్రం. చెయ్యితో పాటు చట్రం కదులుతుంది. అడ్డంగా ఉన్నప్పుడు ఎర్ర అద్దం దీపం ముందుకి వస్తుంది, వాలినప్పుడు రెండో అద్దం. ఆ రెండో అద్దం పగటి పూట చూస్తే ఆకుపచ్చగా కాదు, నీలంగా కనబడేది. కిరోసిన్ మంట పసుపు కాబట్టి నీలి అద్దంలోంచి వస్తే ఆకుపచ్చ అవుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీపం పెట్టేటప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

కొందామంటే ఏం దొరుకుతుంది?

విదేశాల్లో మోడల్ సిగ్నళ్ళు చాలా కంపెనీలు చేస్తాయి. కానీ అన్నీ మనకి పనికిరావు. ఆర్డర్ పెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి, చెయ్యి ఏ పక్కకి ఉంది? మన రైళ్ళు ఎడమ వైపు నడుస్తాయి, సిగ్నల్ చెయ్యి కూడా డ్రైవర్‌కి స్తంభానికి ఎడమ వైపు కనబడాలి. అమెరికన్ మోడల్స్‌లో చెయ్యి కుడి వైపు ఉంటుంది. జర్మన్ సిగ్నల్ అయితే చెయ్యి చివర గుండ్రటి బిళ్ళ ఉంటుంది, చెయ్యి పైకి లేస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ ఫలక్‌నుమాలో పెడితే శేర్వానీ మీద టై కట్టినట్టే.

రెండు, పైకా కిందికా? బ్రిటన్‌లో మిగతా కంపెనీలు 1920ల నుంచి అప్పర్ క్వాడ్రంట్ వైపు మళ్ళినా, గ్రేట్ వెస్టర్న్ రైల్వే మాత్రం లోయర్ క్వాడ్రంట్‌నే పట్టుకు కూర్చుంది. అందుకని మన పాత స్టేషన్లకి దగ్గరగా ఉండే మోడల్ కావాలంటే గ్రేట్ వెస్టర్న్ సిగ్నల్స్ వెతకాలి. రేషియో అనే కంపెనీ ప్లాస్టిక్ కిట్లు, డాపోల్ కంపెనీ మోటార్‌తో కదిలే సిగ్నళ్ళు ఈ రకానివి చేశాయి. హోమ్ సిగ్నల్‌ని ఉన్నది ఉన్నట్టు వాడుకోవచ్చు. పసుపు డిస్టెంట్ దొరికితే ఎరుపు రంగు వేసి, తెల్ల 'వీ' గీస్తే మన వార్నర్ అయిపోతుంది.

మూడు, స్కేల్ ఎంత? బ్రిటిష్ మోడల్స్ ఎక్కువగా 1:76లో ఉంటాయి, ప్రపంచంలో ఎక్కువమంది వాడేది 1:87. ఈ తేడా సిగ్నల్ మీద పెద్దగా తెలియదు. స్తంభం అడుగున కాస్త కోసేస్తే సరిపోతుంది. అసలు సిగ్నల్ స్తంభాలు కూడా డ్రైవర్‌కి ఎంత దూరం నుంచి కనబడాలో దాన్నిబట్టి ఒక్కో చోట ఒక్కో ఎత్తులో ఉండేవి.

మరి కొనేస్తే పోదా? ఒకటి రెండు కావాలంటే కొనండి. కానీ ఒక్క లూప్ లైన్ ఉన్న చిన్న స్టేషన్ లెక్క చూడండి. ఒక దిక్కు నుంచి ఒక ఔటర్, మెయిన్‌కీ లూప్‌కీ చెరొక చెయ్యి ఉన్న హోమ్, రెండు స్టార్టర్లు, మొత్తం ఐదు చేతులు. రెండు దిక్కులూ కలిపితే పది. వార్నర్లు దీనికి అదనం. కొరియర్, కస్టమ్స్ కలిపి పది చేతులు తెప్పించడం విద్యార్థి జేబుకి అయ్యే పని కాదు.

కొలతలు

1:87లో పని చేయాలంటే చేతిలో ఒక క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. సుమారు 4 అడుగుల చెయ్యి 1219 మి.మీ., దాన్ని 87తో భాగిస్తే 14 మి.మీ. చెయ్యి వెడల్పు 10 అంగుళాలు అనుకుంటే 3 మి.మీ. కన్నా కాస్త తక్కువ. ఏడున్నర మీటర్ల స్తంభం 86 మి.మీ. అవుతుంది. మీటర్‌గేజ్ పట్టాల మధ్య దూరం 11.5 మి.మీ. వస్తుంది, దానికి 12 మి.మీ. ట్రాక్ సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ., కుదిస్తే 19.3. కానీ బజార్లో దొరికే మామూలు ట్రాక్ 16.5 మి.మీ., అది యూరప్ వాళ్ళ 1435 మి.మీ. గేజ్‌కి సరిపోయేది. ఇక్కడ చాలామంది కళ్ళు మూసుకుని సర్దుకుపోతారు.

సర్దుకుపోక తప్పని చోటు ఇంకొకటి ఉంది, దూరాలు. లోయర్ క్వాడ్రంట్ స్టేషన్లలో ముందు బండి దాటి ఇంకో 400 మీటర్లు ఖాళీగా ఉంటే గానీ వెనక స్టేషన్ బండికి లైన్ ఇవ్వకూడదని రైల్వే రూల్. 400 మీటర్లని 87తో భాగించండి, 4.6 మీటర్లు. మా మేడ మీద గది 12 అడుగులు, అంటే 3.7 మీటర్ల లోపే. ఆ ఖాళీ ఒక్కటే గోడ దాటి పక్కింటి వాళ్ళ డాబా మీదికి పోతుంది! కాబట్టి దూరాలని కుదించుకోక తప్పదు. అందరూ అదే చేస్తారు, తప్పేం లేదు.

కొలతలకి అసలు సిగ్నల్ చూడాలంటే ఇప్పుడు మన చుట్టుపక్కల కష్టం. పాత ఫోటో ఒకటి దొరికినా కొంత లెక్క కట్టొచ్చు. ఫోటోలో స్తంభం పక్కనే మనిషో, పెట్టెనో ఉంటే దాని ఎత్తుతో పోల్చి మిగతావి రాబట్టుకోవచ్చు. చేతులు, రంగులు, పట్టీలు ఎలా ఉండాలో ఇండియన్ రైల్వేస్ జనరల్ రూల్స్ పుస్తకంలో బొమ్మలతో ఉంటాయి. ఐరిసెట్ నోట్స్ కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కాస్త ఓపిగ్గా చదవాలి అంతే.

సామాను పాతబస్తీలోనే

స్తంభానికి నేను చెప్పే చిట్కా పాత ట్రాన్సిస్టర్ రేడియో యాంటెన్నా. లాగితే బయటికొచ్చే ఆ గొట్టాలు కింద లావుగా, పైకి పోయే కొద్దీ సన్నగా ఉంటాయి. గొట్టపు సిగ్నల్ స్తంభం రూపం కూడా అచ్చం అదే. 3 మి.మీ. గొట్టం అసలు సైజులో 26 సెంటీమీటర్లు, 2 మి.మీ. గొట్టం 17 సెంటీమీటర్లు. పైగా లోపల బోలుగా ఉంటుంది, దీపం వైర్లు అందులోంచే దించేయొచ్చు. జుమ్మేరాత్ బజార్‌లో పాడైపోయిన రేడియోలు వెతికితే ఇవి దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త, పైన క్రోమ్ పూత ఉంటే సోల్డర్ అంటుకోదు. అంటించాల్సిన చోట గరుకు కాగితంతో ఇత్తడి కనబడేదాకా రుద్దాలి.

చెయ్యి తిరిగే ఇరుసుకి ఇంజెక్షన్ సూది వాడండి. మెడికల్ షాపులో కొత్తది కొని, మొన ముందే కోసి పారేయండి. 22 గేజ్ సూది బయట 0.7 మి.మీ., లోపల 0.4 మి.మీ. ఉంటుంది. అందులో 0.3 మి.మీ. స్టీల్ తీగ సాఫీగా తిరుగుతుంది. సన్నని ఇత్తడి రేకు, దాన్ని కోయడానికి కంసాలులు వాడే సన్న రంపం బ్లేళ్ళు గుల్జార్ హౌజ్ చుట్టుపక్కల నగల పనిముట్ల దుకాణాల్లో అడగండి. గాజుల మీద రాళ్ళు అతికే చేతికి, నగ మీద టాకా పెట్టే చేతికి మన పని చాలా సులువుగా కనిపిస్తుంది. మొహమాటపడకుండా అడిగితే వేడి ఎంత పెట్టాలో, రేకు ఎలా పట్టుకోవాలో పది నిమిషాల్లో చూపిస్తారు. ఏ యూట్యూబ్ వీడియో అంత బాగా చెప్పదు.

నిచ్చెనకి మన ల్యాబ్‌లో పడేసిన చుక్కల బోర్డు, అదే పెర్ఫ్‌బోర్డ్ పనికొస్తుంది. దాని రంధ్రాల మధ్య దూరం 2.54 మి.మీ., 87తో గుణిస్తే 22 సెంటీమీటర్లు. నిచ్చెన మెట్లకి కాస్త దగ్గరగా ఉన్నా కంటికి సరిపోతుంది. నెట్‌వర్క్ కేబుల్‌లోంచి తీసిన రాగి తీగ ముక్కల్ని మెట్లుగా ఆ రంధ్రాల వరసలో పేర్చి, రెండు పక్కలా నిలువు తీగలు పెట్టి సోల్డర్ చేస్తే మెట్లన్నీ సమానంగా వస్తాయి.

"తీగ తెగితే ఏమైతది?"

ఇక్కడిదాకా చెప్పింది చూపుకి సంబంధించిన పని. ఇక అసలు విషయం.

మా గల్లీలో ఒక పెద్దాయన ఉన్నారు, మీటర్‌గేజ్ రోజుల్లో క్యాబిన్‌లో లీవర్లు లాగిన మనిషి. ఇప్పుడు 80 దాటాయి. మొదలుపెట్టే ముందు కాగితం మీద గీసుకున్న డ్రాయింగ్ తీసుకెళ్ళి చూపించాను. రంగు గురించో, కొలత గురించో చెప్తారనుకున్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక్కటే అడిగారు.

"అంతా మంచిగుంది బిడ్డా. గని తీగ తెగితే ఏమైతది?"

"బొమ్మ కదా తాతా, మళ్ళీ కడతా."

"గది కాదు. తెగిన నిమిషంల చెయ్యి యాడుంటది? మీదుంటదా, కింద పడ్తదా? కింద పడ్డదంటే నీది సిగ్నల్ కాదు, అబద్ధం చెప్పే కట్టె."

ఆయన ఒక్క మాటలో అడిగినదాన్ని మనం క్లాసులో ఫెయిల్‌సేఫ్ అని చదువుతాం. చెడిపోయినా సరే, ప్రమాదం లేని వైపే చెడిపోవాలి. సిగ్నల్‌కి ప్రమాదం లేని వైపు ఒక్కటే, ఎరుపు.

ఈ పాఠం రైల్వేలు ప్రాణాలిచ్చి నేర్చుకున్నదే. ఒకప్పుడు బ్రిటన్‌లో సిగ్నళ్ళు మామూలుగా 'పో' అనే చూపిస్తూ ఉండేవి, అవసరమైతేనే 'ఆగు' పెట్టేవాళ్ళు. అప్పట్లో చెయ్యి కిందికి వాలి స్తంభంలోని చీలికలోకి దూరేది. 1876 జనవరిలో ఆబట్స్ రిప్టన్ దగ్గర పెద్ద మంచు తుఫానులో ఆ చీలికల్లో మంచు గడ్డకట్టి, చేతులు 'పో' దగ్గరే ఇరుక్కుపోయాయి. క్యాబిన్‌లో లీవర్ వెనక్కి వేసినా చెయ్యి లేవలేదు. రైళ్ళు ఢీకొన్నాయి. ఆ తర్వాతే సిగ్నల్ మామూలు స్థితి 'ఆగు' అనే పద్ధతి స్థిరపడింది.

లోయర్ క్వాడ్రంట్‌లో ఇంకో చిక్కుంది. చెయ్యి బరువు దాన్ని కిందికి, అంటే 'పో' వైపు లాగుతూనే ఉంటుంది. అందుకే ఇరుసుకి అవతలి పక్క అద్దాల చట్రాన్ని చెయ్యి కన్నా బరువుగా పోత పోస్తారు. స్తంభం అడుగున బరువు కట్టిన లీవర్ ఇంకొకటి ఉంటుంది. తీగ తెగితే ఆ బరువులు దిగి, చెయ్యి పైకి లేచి అడ్డంగా నిలబడుతుంది. అప్పర్ క్వాడ్రంట్‌లో ఈ పోరాటం లేదు. చెయ్యి తన బరువుకి తనే 'ఆగు' దగ్గరికి పడిపోతుంది. దాన్ని కనిపెట్టడంలో పెద్ద లాభం అదే.

మరి మన బుల్లి సిగ్నల్‌లో ఈ బరువుల లెక్క ఎలా? 14 మి.మీ. పొడవు, 3 మి.మీ. వెడల్పు, 0.2 మి.మీ. మందం ఉన్న ఇత్తడి చెయ్యి సుమారు 0.07 గ్రాములు. దాని బరువు కేంద్రం ఇరుసుకి 7 మి.మీ. దూరంలో ఉందనుకుంటే టార్క్ 0.5 గ్రాము-మిల్లీమీటర్లు. అవతల చట్రం 3 మి.మీ. దూరంలోనే ఉంటుంది కాబట్టి అది 0.17 గ్రాముల పైన ఉండాలి. అంత చిన్న చట్రంలో ఆ బరువు పట్టదు. అదే చెయ్యి ఛత్తా బజార్‌లో మిగిలిపోయే గట్టి ప్లాస్టిక్ కార్డు ముక్కతో చేస్తే బరువు ఏడో వంతుకి పడిపోతుంది, అప్పుడు ఇత్తడి చట్రం సులువుగా గెలుస్తుంది. కాబట్టి చెయ్యి ప్లాస్టిక్, చట్రం ఇత్తడి. ఇది గుర్తుంచుకోండి.

కానీ కాగితం మీద గెలిచినా బల్ల మీద గెలవకపోవచ్చు. కొలత 87 వంతులు తగ్గితే బరువు 87 ఘనం వంతులు, అంటే 6.5 లక్షల వంతులకి పైగా తగ్గుతుంది. ఇరుసు దగ్గర రాపిడి మాత్రం అంత తగ్గదు. ఒక చుక్క రంగు ఇరుసులోకి జారితే చాలు, చెయ్యి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అందుకే అసలు సిగ్నల్ లాగానే రెండో బరువు కావాలి. బల్ల కింద ఒక చిన్న లీవర్ పెట్టి, దాని చివర ఒక ఎం6 నట్టు తగిలించండి. రెండు రెండున్నర గ్రాములు ఉంటుంది. లీవర్ నుంచి చెయ్యి దాకా దారం కాకుండా 0.3 మి.మీ. స్టీల్ తీగ వాడాలి. దారం లాగగలదు గానీ నెట్టలేదు. స్టీల్ తీగ రెండూ చేస్తుంది, నట్టు బరువు చేతిని 'ఆగు' దగ్గరికి తోసి పెడుతుంది.

సర్వోనా? రిలేనా?

మన కాలేజీలో ఏది కదిలించాలన్నా ముందు గుర్తొచ్చేది ఎస్‌జీ90 సర్వో, ఆర్డుయినో. చవక, తేలిక, చెయ్యి నెమ్మదిగా దిగి చిన్నగా ఊగేలా కూడా ప్రోగ్రాం చేయొచ్చు. చూడ్డానికి దీన్ని మించింది లేదు. కానీ పెద్దాయన ప్రశ్న మళ్ళీ వేయండి. కరెంటు పోతే? సర్వో లోపలి గేర్లు ఎక్కడ ఉంటే అక్కడే పట్టుకుని కూర్చుంటాయి. సిగ్నల్ 'పో' చూపిస్తుండగా సప్లై పోతే చెయ్యి అలాగే ఉండిపోతుంది. రెండు గ్రాముల నట్టు ఆ గేర్లని తిప్పలేదు. ప్రోగ్రాం హ్యాంగ్ అయినా అదే కథ.

పాత రిలే అలా కాదు. కాయిల్‌లో కరెంటు ఉన్నంతసేపే ఆర్మేచర్‌ని లాగి పట్టుకుంటుంది, పోయిన క్షణం స్ప్రింగ్ వదిలేస్తుంది. గుజరాతీ గల్లీలోనో జుమ్మేరాత్ బజార్‌లోనో మూత లేని, ఆర్మేచర్ బయటికి కనబడే పాత 12 వోల్టుల రిలే అడగండి. మూసిన చిన్న డబ్బా రిలే పనికిరాదు. చెయ్యి ఇరుసు నుంచి 2 మి.మీ. దూరంలో తీగ తగిలిస్తే 45 డిగ్రీలు తిరగడానికి తీగ 1.5 మి.మీ. కదిలితే చాలు. ఆర్మేచర్‌కి చిన్న తీగ ముక్క అంటించి పొడిగిస్తే ఆ మాత్రం కదలిక వస్తుంది. 400 ఓమ్‌ల కాయిల్ అయితే 30 మిల్లీయాంపియర్లు లాగుతుంది. కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ తిరగేసి పెట్టడం మర్చిపోకండి, లేకపోతే వదిలిన ప్రతిసారీ వచ్చే వోల్టేజి దెబ్బకి మిగతా సర్క్యూట్ పోతుంది.

రిలేతో చెయ్యి టక్కున కదులుతుంది, సర్వో అంత అందం ఉండదు. అందమే కావాలంటే సర్వోకి రెండు కాపలాలు పెట్టండి. సప్లై పోయినట్టు తెలియగానే చేతిని 'ఆగు'కి తెచ్చేంత శక్తి దాచుకునే సూపర్ కెపాసిటర్ ఒకటి, ప్రోగ్రాం హ్యాంగ్ అయితే రీసెట్ చేసి ముందు 'ఆగు' పెట్టే వాచ్‌డాగ్ టైమర్ ఇంకొకటి. పని జరుగుతుంది. కానీ తేడా గమనించండి. సర్వోలో భద్రత కోసం ఇంకో రెండు వస్తువులు సరిగ్గా పనిచేయాలి, రిలేలో ఏదీ పనిచేయకపోయినా భద్రత ఉంటుంది. రైల్వే వాళ్ళు నూట యాభై ఏళ్ళుగా రెండో దారినే నమ్మారు. 1872లో విలియం రాబిన్సన్ అమెరికాలో పేటెంట్ తీసుకున్న ట్రాక్ సర్క్యూట్ కూడా ఇలాంటిదే. పట్టాల్లోంచి చిన్న కరెంటు పోతూ రిలేని పట్టుకుని ఉంటుంది. బండి వస్తే చక్రాలు ఆ కరెంటుని షార్ట్ చేస్తాయి, రిలే వదిలేస్తుంది, సిగ్నల్ ఎరుపు. బ్యాటరీ అయిపోయినా, వైరు ఊడినా ఎరుపే.

దీపం

చిన్న ఎల్ఈడీ అంటే ల్యాబ్‌లో ఉండే 3 మి.మీ.ది అనుకుంటాం. 87తో గుణిస్తే అది 26 సెంటీమీటర్లు, అన్నం పళ్ళెం అంత. 0603 సైజు ఎస్ఎండీ ఎల్ఈడీ 1.6 మి.మీ. పొడవే ఉంటుంది, అది తీసుకోండి. ఎరుపు, ఆకుపచ్చ వేరువేరుగా వద్దు. ఒక్క వార్మ్ వైట్ చాలు, కిరోసిన్ మంటలాగా పసుపుగా ఉండేది. చట్రంలోని కన్నాల్లో గ్లాస్ పెయింట్ చుక్క పెడితే అద్దం తయారు. ఒకటి ఎరుపు, రెండోది నీలం ఎక్కువ కలిపిన ఆకుపచ్చ. ముందు చెప్పిన కిరోసిన్ సూత్రం ఇక్కడ కూడా పనిచేస్తుంది. మామూలు ఆకుపచ్చ వేస్తే పసుపు పచ్చగా కనబడుతుంది.

వెలుతురు తగ్గించడం ముఖ్యం. 5 వోల్టుల సప్లై, ఎల్ఈడీకి 3 వోల్టులు, కరెంటు 2 మిల్లీయాంపియర్లు అనుకుంటే 1 కిలో ఓమ్ రెసిస్టర్ వస్తుంది. చీకటి గదిలో అదీ ఎక్కువే. 4.7 కిలో ఓమ్, 10 కిలో ఓమ్ పెట్టి చూసి కంటికి నచ్చింది ఉంచుకోండి. దీపం డబ్బా వెనక చిన్న కన్నం కూడా పెట్టండి. అసలు సిగ్నల్‌లో చెయ్యి 'ఆగు' దగ్గర ఉన్నప్పుడు వెనక వైపు చిన్న తెల్ల వెలుగు కనబడేది. దీపం వెలుగుతోందో లేదో, చెయ్యి సరిగ్గా లేచిందో లేదో స్టేషన్ వైపు ఉన్నవాళ్ళకి తెలియడానికి ఆ ఏర్పాటు.

పాయింటుతో ముడి

చివరి మెట్టు ఒకటుంది, చాలా లేఅవుట్లలో వదిలేస్తారు. సిగ్నల్ తనంతట తను నిజం చెప్పలేదు. ముందున్న పాయింట్లు ఎటు తిరిగి ఉన్నాయో దానికి తెలియాలి. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ స్టేషన్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైన్ మీద పచ్చ సిగ్నల్ ఉంది, పాయింట్లు మాత్రం గూడ్స్ బండి నిలబడి ఉన్న లూప్ వైపు తిరిగి ఉన్నాయి. 290 మందికి పైగా చనిపోయారు. మన తెలుగువాళ్ళు ఎందరో ఎక్కే బండి అది. సిగ్నలింగ్ సర్క్యూట్‌లో చేసిన మార్పుల్లో లోపాలే కారణమని రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణలో తేలింది. తీగ ఏదీ తెగలేదు, దీపం ఆరిపోలేదు. పాయింటుకీ సిగ్నల్‌కీ మధ్య ఉండాల్సిన ముడి తప్పింది.

మన బల్ల మీద ఆ ముడి వేయడం కష్టమేం కాదు. పాయింట్ కదిలే కడ్డీ రెండు చివర్లలో చెరొక మైక్రోస్విచ్ పెట్టండి. మెయిన్ సిగ్నల్ రిలేకి వెళ్ళే కరెంటు మెయిన్ వైపు స్విచ్‌లోంచి మాత్రమే పోవాలి, లూప్ సిగ్నల్‌ది లూప్ వైపు స్విచ్‌లోంచి. పాయింట్ పూర్తిగా ఆనితేనే స్విచ్ నొక్కుకుంటుంది. మధ్యలో ఇరుక్కుంటే రెండు సిగ్నళ్ళకీ కరెంటు అందదు, రెండూ 'ఆగు'. ప్రోగ్రాం ఒక్క లైను కూడా అక్కర్లేదు.

ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే

పది చేతులూ ఒకేసారి తలకెత్తుకోకండి. ఒక్క హోమ్ సిగ్నల్, ఒక్క పాయింటుతో మొదలుపెట్టండి. రంగులు వేయకముందే, అంటే విప్పడానికి ఇంకా వీలున్నప్పుడే, నాలుగు పరీక్షలు పెట్టండి. చెయ్యి వాలి ఉండగా ప్లగ్ పీకేయండి. బల్ల కింద స్టీల్ తీగ కొక్కెం విప్పేయండి. పాయింట్‌ని అగ్గిపుల్ల అడ్డం పెట్టి మధ్యలో ఆపండి. రెండు వారాలు దుమ్ములో వదిలేసి వచ్చి మళ్ళీ ప్లగ్ పీకండి, ఎందుకంటే మా శాలిబండ మెయిన్ రోడ్డు దుమ్ము ఏ ఇరుసునైనా పట్టేస్తుంది. నాలుగు సార్లూ చెయ్యి లేచి అడ్డంగా నిలబడితే అప్పుడు ఎర్ర రంగు డబ్బా తెరవండి.

ఇంకో మాట. మీ ఇళ్ళల్లో, బస్తీల్లో రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దలు ఎవరైనా ఉంటే వెళ్ళి కూర్చోండి. వాళ్ళ ట్రంకు పెట్టెల్లో పాత గ్రూప్ ఫోటోలు ఉంటాయి, వెనకాల ఎక్కడో ఒక మూల సిగ్నల్ స్తంభం కనబడుతుంది. ఆ ఫోటోల్ని ఫోన్‌తో కాకుండా స్కానర్‌తో, పెద్ద సైజులో తీసిపెట్టండి. ఫలక్‌నుమా, ఉప్పుగూడ, యాకుత్‌పురా మీటర్‌గేజ్ నాటి సిగ్నల్ ఫోటో ఒక్కటి ఎవరి దగ్గర ఉన్నా మన క్లబ్‌కి పంపండి. నా హోమ్ సిగ్నల్‌కి నిచ్చెన ఏ పక్కన పెట్టాలో ఇంకా తేలాల్సి ఉంది.